పాత విమానం మాట్లాడుకుంటే

ఎల్బీ నగర్‌లో పెళ్లికి బస్సు మాట్లాడుకోవడానికి వెళితే ట్రావెల్స్ ఆఫీసులో మొదట అడిగేది "ఏ మోడల్ బండి?" అని. మోడల్ అంటే ఇక్కడ కంపెనీ పేరు కాదు, తయారైన సంవత్సరం. ఆ వెనక మిగతావి వస్తాయి. డ్రైవర్ ఒకరా ఇద్దరా? నిన్న రాత్రి బండి ఎక్కడికి తిరిగింది? టోల్, బత్తా కిరాయిలో కలిపేనా? పర్మిట్ ఆంధ్రా దాకా ఉందా? ఇవన్నీ అడిగేది సాధారణంగా ఇంట్లో పెద్దాయన. కుర్రవాళ్లు ఏసీ చూస్తారు, సీట్లు చూస్తారు. పెద్దాయన టైర్లు చూస్తాడు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఆ తర్వాత మా దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లలో ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరూ మొహమాటపడటం లేదు.

ఈ ప్రశ్నలు విమానానికి కూడా పనికొస్తాయని నాకు ఈ మధ్యే తెలిసింది. అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు వాళ్ల నాన్న షష్ఠిపూర్తికి ఎనిమిది మందిని చిన్న జెట్‌లో తిరుపతి తీసుకెళ్లాలని సరదాపడ్డాడు. ఒక బ్రోకర్ వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. తోలు సీట్ల ఫోటోలు నాలుగు, కింద ఒక పెద్ద అంకె. విమానం ఏ సంవత్సరానిదో లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, నడిపే సంస్థ పేరు లేదు. "మామయ్యా, పాతకాలం జెట్ అట, అందుకే చవగ్గా వస్తోందట, ఎక్కొచ్చా?" అని అడిగాడు. నాకు తెలియదని చెప్పి ఊరుకోలేకపోయాను. అప్పటినుంచి చదివినవీ అడిగి తెలుసుకున్నవీ కూడగట్టి రాస్తున్నది ఇది.

హైదరాబాద్‌కు విమానం కిరాయికి తీసుకోవడం కొత్త కాదు. బేగంపేట విమానాశ్రయం నిజాం కాలంలో 1930లలో వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన డకోటాలు ప్రపంచమంతా చవగ్గా దొరికిన కాలం అది. మన దేశంలో ప్రయాణికుల విమానయానం నిలదొక్కుకున్నదే వాడేసిన విమానాల మీద. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసింది.

ఈ మధ్యలో ఒక వింత కిరాయి కథ ఉంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్ట్రియన్ అంటే యుద్ధంలో జర్మనీ మీద బాంబులు వేసిన లాంకాస్టర్‌ను మార్చి చేసిన ప్రయాణికుల విమానం. సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. కాటన్‌కు ఇంగ్లండ్ కోర్టు 200 పౌండ్ల జరిమానా వేసింది. పాత విమానం, ఎక్కువ డబ్బు, అడగని ప్రశ్నలు, రాత్రి ప్రయాణం. ఈ నాలుగూ ఒకచోట చేరితే ఏమవుతుందో మన నగరం అప్పుడే చూసింది.

ఇప్పుడు పాతదంటే ఏమిటో చూద్దాం. 1963 అక్టోబర్‌లో మొదటిసారి ఎగిరిన లియర్‌జెట్ 23, అదే సంవత్సరం మేలో ఎగిరిన ఫ్రాన్స్ వారి ఫాల్కన్ 20, 1962లో ఎగిరిన బ్రిటిష్ హెచ్‌ఎస్ 125, వీటికంటే ముందే వచ్చిన లాక్‌హీడ్ జెట్‌స్టార్. వ్యాపారుల జెట్‌ల మొదటి తరం ఇదే. సన్నటి ముక్కు, గుండ్రటి కిటికీలు, చెవులు పగిలే మోత. లియర్‌జెట్ 23 ఇంజను యుద్ధ విమానాల ఇంజను నుంచి పుట్టింది. పరుగు బాగానే ఉంటుంది, కిరోసిన్ మాత్రం నీళ్లలా తాగుతుంది. ఆ మోతే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. 2015 డిసెంబర్ 31 తర్వాత కొత్త శబ్ద పరిమితికి లోబడని చిన్న జెట్‌లు ఎగరకూడదని అమెరికా చట్టం చేసింది. ఖర్చుపెట్టి ఇంజన్లకు మోత తగ్గించే సామాను బిగించినవి మిగిలాయి, తక్కినవి నేలకు దిగాయి. ఎల్విస్ ప్రెస్లీకి చెందిన 1962 నాటి జెట్‌స్టార్ ఒకటి న్యూ మెక్సికో ఎడారిలో దాదాపు నాలుగు దశాబ్దాలు ఇంజన్లు లేకుండా పడి ఉంది. 2023 జనవరిలో వేలంలో 2,60,000 డాలర్లకు పోయింది. కొన్నాయన దాన్ని రోడ్డు మీద తిరిగే ఇల్లుగా మార్చాడు.

మన దగ్గర పాత విమానాల దారి కూడా అలాంటిదే. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రెస్టారెంట్ ఒకటి కొనుక్కున్న పాత ఎయిర్‌బస్‌ను కొచ్చి నుంచి లారీ మీద తెస్తుంటే బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్ కింద ఇరుక్కుంది. ఊరంతా వచ్చి చూశారు. ఆకాశంలో తిరిగిన వస్తువు బతుకు చివర్లో వంతెన కింద ఆగిపోవడం చూస్తే నాకు మనసుకు కష్టంగా అనిపించింది. పనిచేసి అలిసిపోయిన యంత్రానికి అంతకంటే మర్యాదైన విశ్రాంతి ఇవ్వాలనిపిస్తుంది.

అయితే హైదరాబాద్‌లో కిరాయికి దొరికేవి 1960ల నాటి జెట్‌లు కావు. ప్రయాణికుల కోసం దిగుమతి చేసుకునే విమానాలకు వయసు పరిమితి ఉంది. ఇక్కడ పాతది అంటే ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన హాకర్, లియర్‌జెట్, లేదా రెండు పంకాల కింగ్ ఎయిర్. ఎల్బీ నగర్ భాషలో చెప్పాలంటే పాత మోడల్ బండే గానీ పాతకాలం బండి కాదు. మా వాడికి బ్రోకర్ చెప్పిన "పాతకాలం" అనే మాట అమ్మకం కోసం అన్నదే.

విమానం వయసు సంవత్సరాల్లో లెక్కిస్తే మోసపోతాం. పెద్దాయన బస్సును చూసేటప్పుడు ఆ సంగతి పట్టుకుంటాడు. సిటీలో రోజుకు ఇరవైసార్లు ఆగే బస్సుకూ, విజయవాడ హైవే మీద ఒకే పరుగు తీసే బస్సుకూ తేడా ఉంది. విమానానికి ఆ లెక్క మూడు అంకెల్లో ఉంటుంది. తయారై ఎన్నేళ్లు, గాలిలో ఎన్ని గంటలు, ఎన్నిసార్లు ఎగిరి దిగింది. మూడోదే అసలు అంకె. పది కిలోమీటర్ల ఎత్తున బయట ఊపిరాడదు, కాబట్టి లోపల గాలి నింపి ఉంచాలి. పైకి వెళ్లినప్పుడు విమానం ఒంటి రేకు కాస్త ఉబ్బుతుంది, దిగినప్పుడు తగ్గుతుంది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి తెగినట్టే, రివెట్ల దగ్గర సన్నని పగుళ్లు పడతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాలిలోనే లేచిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది. ఆ విమానం వయసు 19 ఏళ్లే. కానీ చిన్న చిన్న ప్రయాణాల్లో అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. అంటే ముప్పై ఏళ్ల విమానం తక్కువసార్లు ఎగిరి, రికార్డులు సక్రమంగా ఉంటే ఎక్కొచ్చు. పదేళ్లదైనా కాగితాలు సగం కనిపించకపోతే ఎక్కకూడదు. నేను చదివినదంతా కలిపి చూస్తే వయసు గురించి చెప్పాల్సింది ఇంతే.

వయసు వల్ల ఇంకో చిక్కుంది. అది ప్రమాదం కంటే ఖర్చుకు సంబంధించింది. 2003 నవంబర్ 27 నుంచి మన ఆకాశంలో 29,000 అడుగుల పైన విమానాల మధ్య ఎత్తు తేడా 2,000 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించారు. అందుకు తగిన ఎత్తుకొలిచే పరికరాలు లేని విమానం కిందనే ఎగరాలి. కింద గాలి చిక్కన, ఇంధనం ఎక్కువ అవుతుంది. చవగ్గా మాట్లాడుకున్న పాత జెట్ అలా ఖరీదైనదిగా తేలవచ్చు.

కాగితాల్లో మొదటిది పర్మిట్. తెల్ల నంబర్ ప్లేటు కారును కిరాయికి తిప్పకూడదని మనకందరికీ తెలుసు. తెలిసినా చవగ్గా వస్తుందని తెల్ల ప్లేటు కారులో ఊరికి పోయేవాళ్లున్నారు. దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం తిప్పుకుంటారు. విమానాలకూ అంతే. ఒక కంపెనీ తన పెద్దల కోసం కొనుక్కున్న విమానం సొంత వాడకానికే. దాన్ని కిరాయికి ఇవ్వకూడదు. కిరాయికి తిప్పే సంస్థకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ఏ విమానం ఆ పర్మిట్‌లో ఉందో రిజిస్ట్రేషన్ నంబర్ బట్టి తెలుస్తుంది. మన విమానాల నంబర్లు వీటీ అనే అక్షరాలతో మొదలవుతాయి. బ్రోకర్ ఆ నంబర్ రాతలో ఇవ్వకపోతే ఆ సంభాషణ అక్కడితో ఆపేయడం మంచిది. మా వాడు అడిగాడు. "బుకింగ్ కన్ఫర్మ్ అయ్యాక పంపుతాం సార్" అని జవాబొచ్చింది. ఎల్బీ నగర్‌లో బస్సుకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఇలాంటి జవాబు మా బావగారు, అంటే వాడి నాన్న, ఒప్పుకునేవారు కారు. విమానానికీ ఒప్పుకోలేదు.

డబ్బు సంగతి. 2024 ఎన్నికల వేళ పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం కిరాయి విమానానికి గంటకు నాలుగున్నర నుంచి ఐదుంపావు లక్షలు, హెలికాప్టర్‌కు లక్షన్నర దాకా. ఆ గంటలు మీరు కూర్చున్న గంటలు మాత్రమే కాదు. విమానం ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటే అది ఖాళీగా హైదరాబాద్ రావడం, మిమ్మల్ని దింపి ఖాళీగా తిరిగి వెళ్లడం కూడా మీ లెక్కలోనే. పార్కింగ్, ల్యాండింగ్ ఖర్చులు, సిబ్బంది హోటల్, జీఎస్టీ అదనం. రింగ్ రోడ్డు దగ్గర "విజయవాడ, విజయవాడ" అని పిలిచే కారు డ్రైవర్లను చూస్తే ఈ వ్యాపారం సగం అర్థమవుతుంది. ఎవరినో దింపి తిరిగి పోతున్న బండి, ఖాళీగా పోయే బదులు సగం డబ్బుకైనా నలుగురిని ఎక్కించుకుంటుంది. జెట్‌లకూ అలాంటి తిరుగు కిరాయిలు ఉంటాయి. చవకే, కాకపోతే వాళ్లు వెళ్లే రోజున, వాళ్లు వెళ్లే చోటికి, వాళ్ల టైముకు మనం వెళ్లాలి. అసలు కిరాయి విమానం ఎందుకు కోరుకున్నామో ఆ కారణమే పోతుంది.

కాలం లెక్క కూడా చూడాలి. బేగంపేటలో మామూలు సర్వీసులు 2008 మార్చిలో శంషాబాద్ తెరిచినప్పుడు ఆగిపోయాయి. చార్టర్లు, ప్రముఖుల విమానాలు, సైన్యం వాళ్లవి ఇంకా వస్తూ పోతూ ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీ నగర్ మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారి బేగంపేటలో దిగొచ్చు. కానీ జెట్ ఎక్కేవాళ్లు మెట్రోలో పోరు కదా. కారులో మలక్‌పేట, కోఠి దాటుకుని బేగంపేట చేరి, చెకింగ్ ముగించి, విమానం కదిలేలోపు ఎల్బీ నగర్‌లో బయలుదేరిన బస్సు చౌటుప్పల్ దాటేస్తుంది. విజయవాడకు జెట్ మాట్లాడుకోవడంలో అర్థం లేదు. పుట్టపర్తికో, కడపకో, ఓర్వకల్లుకో, ఉదయం వెళ్లి సాయంత్రం రావాల్సిన ఎనిమిది మందికి అర్థం ఉండొచ్చు.

ఇక అసలు విషయం. తెలుగువాళ్ల ప్రైవేటు విమాన ప్రయాణాల చరిత్ర తిరగేస్తే గుండె బరువెక్కుతుంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ వస్తున్న బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య, ఆమె అన్నయ్య అమర్‌నాథ్ బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయలుదేరారు. ఎక్కిన సెస్నా 180 ఎగిరిన కాసేపటికే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో పడి అంటుకుంది. నలుగురూ చనిపోయారు. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో టీవీ షాపుల ముందు జనం నిలబడిపోవడం నాకు గుర్తు. ఆడవాళ్లు ఏడ్చారు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఐదుగురు పోయారు.

ఈ మూడింటిలో ఏదీ జెట్ కాదు. వయసు చూస్తే సెస్నా 180 నమూనా 1953 నాటిది, ఒకే ఇంజనుది. బెల్ 430 మాత్రం 1990లలో వచ్చిన రెండు ఇంజన్ల నమూనా. పాతదీ కూలింది, కొత్తదీ కూలింది. రాజశేఖరరెడ్డి ప్రమాదం మీద వేసిన కమిటీ చెడ్డ వాతావరణం గురించి చెప్పింది. గేర్ బాక్సు నూనె ఒత్తిడి హెచ్చరిక వచ్చినప్పుడు పైలట్లు మాన్యువల్ తిరగేస్తూ విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని కూడా చెప్పింది. 2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి ఎనిమిది మందితో ముంబై వెళ్లిన లియర్‌జెట్ 45 భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు జారి విరిగింది. అప్పుడు 700 మీటర్లకు మించి కనపడటం లేదు. అందరూ బతికారు. బాలయోగి ప్రయాణంలోనూ ఆ ఉదయం సరిగా కనపడకపోవడమే ప్రస్తావనకు వచ్చింది.

నా అభిప్రాయం ఇక్కడ గట్టిగానే చెబుతాను. కిరాయి విమానంలో అత్యంత ప్రమాదకరమైన భాగం దాని వయసు కాదు, కిరాయి ఇచ్చిన మనిషి తొందర. మామూలు సర్వీసు విమానంలో నూట ఎనభై మంది ఎక్కుతారు. వాళ్లలో ఏ ఒక్కరూ పైలట్‌తో "ఈ రోజు ఎలాగైనా వెళ్లాలి" అని చెప్పలేరు. వర్షమైతే అందరూ కూర్చుంటారు, లేదంటే విమానం వేరే ఊళ్లో దిగుతుంది. కిరాయి విమానంలో మంత్రిగారు, హీరోయిన్, పెద్ద కాంట్రాక్టరు పైలట్ వెనక ఆరడుగుల దూరంలో కూర్చుంటారు. అక్కడ సభకు జనం ఎదురుచూస్తుంటారు, ముహూర్తం దాటిపోతుంటుంది. వాళ్లు ఏమీ అనకపోయినా వాళ్లు ఎవరన్నదే పైలట్ భుజం మీద బరువు. నేను ఏ ఒక్క ప్రమాదానికీ ఇదే కారణమని అనడం లేదు. కానీ కిరాయికి మాట్లాడుకునే ప్రతి మనిషీ ముందే పైలట్‌తో ఒక మాట అనాలి. "బాబూ, వాతావరణం బాగాలేకపోతే వద్దని చెప్పు, నీ డబ్బు నీకిస్తాను." ఈ మాట రాతలో ఉంటే ఇంకా మేలు. రాత్రి బస్సు డ్రైవర్‌కు మా బావగారు చౌటుప్పల్‌లో టీ ఇప్పించి "నిద్రొస్తే ఆపెయ్, తెల్లారాక పోదాం" అంటారు. ఆ మాటకు విమానంలో వంద రెట్ల విలువ.

ఇంకొన్ని అడగాలి. ఇద్దరు పైలట్లూ ఈ నమూనా మీద ఎన్ని గంటలు నడిపారు? అంతకుముందు రోజు ఎక్కడున్నారు, వాళ్ల డ్యూటీ గంటలు మిగిలి ఉన్నాయా? ప్రత్యామ్నాయంగా ఏ ఊళ్లో దిగుతారు, ఆ రన్‌వే సరిపోతుందా? నిజాయితీగా నడిపే సంస్థలు వీటికి విసుక్కోవు. మా వాడు వీటిని పంపాక బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. షష్ఠిపూర్తికి అందరూ శంషాబాద్ నుంచి మామూలు టికెట్ల మీద రేణిగుంటకు వెళ్లారు. బావగారికి కిటికీ సీటు దొరికింది.

నాదర్‌గుల్ గురించి రెండు మాటలు. ఎల్బీ నగర్‌కు కాస్త దూరంలోనే ఉన్న ఆ ఎయిర్‌ఫీల్డ్‌లో పైలట్లకు శిక్షణ ఇస్తూ వచ్చారు. మా వైపు మేడల మీద బట్టలు ఆరేసే ఆడవాళ్లకు చిన్న సెస్నాల చప్పుడు అలవాటే. అక్కడి నుంచి చార్టర్లు నడిపితే తూర్పు హైదరాబాద్‌కు బాగుంటుందనే మాట అప్పుడప్పుడు వింటుంటాను. జెట్ దిగేంత పొడవు రన్‌వే, రాత్రి దీపాలు, అగ్నిమాపక సిబ్బంది లేకుండా అది కుదరదు. చుట్టూ ఇళ్లు వచ్చేశాక పొడిగించడం ఇంకా కష్టం. పిల్లలు ఎగరడం నేర్చుకునే చోటుగా అది మిగిలితేనే నాకు సంతోషం.

మన వీధుల్లో ఒక కుటుంబానికి కిరాయి విమానం నిజంగా అవసరపడే సందర్భం ఒక్కటే కనిపిస్తుంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు. మంచం, ఆక్సిజన్, డాక్టర్‌తో వచ్చే ఎయిర్ అంబులెన్స్. అప్పుడు పై ప్రశ్నలు అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే అడగాల్సిన పని ఆసుపత్రి వాళ్లు తమ మీద వేసుకోవాలి. ఏ సంస్థకు పర్మిట్ ఉందో, ఏ విమానం వస్తుందో బంధువుల చేత సంతకం పెట్టించుకునే కాగితం మీదే రాయాలి.

ఎల్బీ నగర్‌లో నేను చూసిన వాటిలో అన్నిటికంటే గొప్ప కిరాయి ప్రయాణానికి రెక్కలు లేవు. 2021 ఫిబ్రవరి 2న ఇక్కడి కామినేని ఆసుపత్రి నుంచి నల్గొండ జిల్లా రైతు గుండెను నాగోల్ మెట్రో స్టేషన్‌కు తెచ్చి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ప్రత్యేక రైలులో పంపారు. 21 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. 2025 జనవరి 17 రాత్రి అలాంటిదే ఇంకో రైలు ఎల్బీ నగర్ ప్లాట్‌ఫామ్ నుంచి కదిలింది. డాక్టర్ల చేతిలో ఒక పెట్టె, చుట్టూ ఖాళీ సీట్లు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి స్టేషన్లలో ఎక్కడా తలుపులు తెరుచుకోలేదు. 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో దాటి లక్డీకాపూల్‌లో పెట్టె దించారు.